పక్కవాడి పద్దు

చీరాలలో మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది. సగం బేరం అరువు మీదే నడిచేది. పగలు చిట్టాలో రాసుకున్నవి రాత్రి కొట్టు కట్టేముందు ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఆవర్జాలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. వేసవి సెలవుల్లో గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నాకు ముందుగా నేర్పింది పేజీ మూయడం. ఎవరైనా తమ బాకీ ఎంతో చూసుకున్నాక, వెనక నిలబడ్డ మనిషి ముందుకు రాకముందే పుస్తకం మూతపడాలి. ఒకరోజు మరిచిపోయాను. ఒకావిడ తన తోడికోడలి పేజీ తొంగిచూసింది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. నాన్న నన్ను కొట్టలేదు. ఒక్క మాట అన్నాడు: "వాళ్లు మనకు బాకీ ఉన్నార్రా. బాకీ మనది. ఆ సంగతి మనది కాదు."

ఈమధ్య ఒక వర్తకుల సమావేశంలో కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మీద అవగాహన సదస్సు అన్నారు. మాట్లాడడానికి వచ్చిన కన్సల్టెంటు తెర మీద పెద్ద అక్షరాలతో ఒకే అంకె చూపించాడు: 250 కోట్ల రూపాయల జరిమానా. హాలులో కలకలం. నా పక్కన కూర్చున్న మందుల షాపు ఆయన ముఖం పాలిపోయింది. "కొట్టూ ఇల్లూ కలిపి అమ్మినా అందులో వెయ్యో వంతు రాదండీ. మా బోటివాళ్లం మూసుకోవాల్సిందే కదా?" అన్నాడు నాతో. ఆయన భయం నిజమైనది. ఆయన్ను తప్పుపట్టను. ఆ భయాన్ని పుట్టించి, దానికి విరుగుడంటూ వేలకు వేలు పుచ్చుకుని కాగితాల కట్టలు అమ్ముతున్నవాళ్ల మీద నాకు కోపం. వాళ్ల మాటనే లోకజ్ఞానంగా చలామణీ చేస్తున్న వ్యాపార సంఘాల మీద ఇంకా కోపం.

ఆ లోకజ్ఞానం ఇలా ఉంటుంది. ఈ చట్టం యూరప్ నుంచి తెచ్చుకున్న అరువు సరుకు, మన దేశానికి నప్పదు. చిన్న వ్యాపారి మెడకు ఇది ఉరితాడు. ఎలాగూ అందరి నంబర్లూ ఎప్పుడో బయటికి పోయాయి, ఇప్పుడు తలుపేసి లాభమేమిటి? కాబట్టి అమలు వాయిదా వేయాలి, చిన్న వ్యాపారాలను పూర్తిగా వదిలేయాలి. పత్రికల వాణిజ్య పేజీల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. చదువుకున్నవాళ్లు, నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాళ్లు కూడా తల ఊపుతున్నారు. ఇది తప్పు. వీళ్లలో ఎక్కువమంది ఆ చట్టాన్ని చదవకుండానే మాట్లాడుతున్నారు.

ఆ 250 కోట్ల సంగతే ముందు చూద్దాం. అది గరిష్ఠ పరిమితి. దగ్గరున్న సమాచారాన్ని కాపాడడానికి తగిన జాగ్రత్త తీసుకోనివాళ్లకు వేయగల జరిమానాకు పైహద్దు. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టంలో 44 సెక్షన్లే ఉన్నాయి, ఓపిక పడితే ఒక మధ్యాహ్నంలో చదవొచ్చు. అందులో 33వ సెక్షన్ చూడండి. ఉల్లంఘన గణనీయమైనదని విచారణలో తేలితేనే, అవతలివాళ్ల వాదన విన్నాకే ఈ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డు జరిమానా వేయగలదు. ఎంత వేయాలో తేల్చేముందు తప్పు ఎంత తీవ్రమైనది, ఎంతకాలం సాగింది, బయటపడ్డ సమాచారం ఎలాంటిది, పదే పదే జరిగిందా, దానివల్ల లాభపడ్డారా, నష్టం తగ్గించడానికి ఏం చేశారు అన్నవి చూడాలి. ఆ జరిమానా పడితే ఆ మనిషి మీద ఎంత ప్రభావం ఉంటుందో కూడా చూడాలి. ఈ చివరి మాట చట్టంలోనే రాసి ఉంది. సదస్సులో మాత్రం వినపడలేదు. దొంగతనానికి శిక్ష గురించి చెప్పేవాడు దోపిడీకి పడే శిక్ష ఒక్కటే చదివి కూర్చుంటే ఎలా ఉంటుందో, ఆ ఉపన్యాసం అలా ఉంది.

నా పక్కనున్న మందుల షాపు ఆయనకు నేను చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన కొట్టు లాంటి కొట్టే ఆ చట్టంలో ఉంది. 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ మందుల షాపుదే. ఒకామె మందులు కొని, తన వివరాలు తానే ఇచ్చి, డబ్బు ముట్టినట్టు ఫోనుకు మెసేజ్ పంపమంటుంది. ఆ రసీదు పంపడానికి షాపువాళ్లు ఆ నంబరు వాడుకోవచ్చు. అంతే. ప్రత్యేకంగా ఒప్పంద పత్రం అక్కర్లేదు, సంతకాలు అక్కర్లేదు. రసీదు కోసం ఇచ్చిన నంబరును రసీదుకే వాడు అంటోంది చట్టం. రేపటి నుంచి ఆమెకు షుగరు మాత్రల మీద తగ్గింపు ఇస్తామని మెసేజ్‌లు పెట్టాలన్నా, ఆమె ఏ జబ్బుకు మందులు కొంటోందో ఇంకొకరికి చేరవేయాలన్నా ఆమెను అడగాలి. ఇందులో ఉరితాడు ఎక్కడుంది? ఆయన కాసేపు ఆలోచించి, "మా కొట్లో ఇది ఎప్పుడూ ఇలాగేనండీ" అన్నాడు. అలాగే ఉంటుందని నాకు తెలుసు. మంచి కొట్లన్నిట్లోనూ అలాగే ఉంటుంది.

బరువైన బాధ్యతలు లేవని కాదు. దేశంలోనే ఉండే డేటా పరిరక్షణ అధికారిని నియమించుకోవడం, బయటి ఆడిటరుతో తనిఖీ చేయించుకోవడం లాంటివి ఉన్నాయి. కానీ అవి కేంద్రం ప్రత్యేకంగా గుర్తించి ప్రకటించే పెద్ద సంస్థలకు. మూడేళ్లపాటు వాడకంలో లేని ఖాతాల సమాచారం చెరిపేయాలన్న నియమం ఉంది. అది ఈ-కామర్స్‌లో, సోషల్ మీడియాలో 2 కోట్లకు తగ్గకుండా ఖాతాదారులున్నవాళ్లకు, ఆన్‌లైన్ ఆటల్లో 50 లక్షలున్నవాళ్లకు. మన వీధి చివరి ఫ్యాన్సీ షాపుకు కాదు. ఇక కొట్టులో కాగితం పుస్తకం ఒక్కటే ఉంటే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించనంతవరకు ఈ చట్టం దాని జోలికే రాదు. మా నాన్న ఆవర్జాకు ఈ చట్టంతో పనిలేదు.

కొత్తగా మోపారనే మాట కూడా నిలవదు. సమాచార సాంకేతిక చట్టంలో 43ఏ సెక్షన్ 2009 నుంచీ ఉంది. సున్నితమైన సమాచారాన్ని అజాగ్రత్తగా ఉంచి ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం కట్టాలని అది చెబుతుంది. కంపెనీలతోపాటు భాగస్వామ్య సంస్థలూ, ఒక్కడే నడుపుకునే సొంత వ్యాపారాలూ దాని పరిధిలోకి వస్తాయని అందులోనే వివరణ ఉంది. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లోనే ఆదేశించింది. ఈ చట్టం కింద వచ్చిన కొత్త నియమాలు పూర్తి వివరాలకు 72 గంటల గడువు ఇస్తే, అది అసాధ్యమని గుండెలు బాదుకుంటున్నవాళ్లు ఈ 6 గంటల నియమం వచ్చినప్పుడు ఎక్కడున్నారు?

చిన్న వ్యాపారుల పక్షాన నిజంగా మాట్లాడాలనుకునేవాళ్లకు అడగాల్సినవి లేకపోలేదు. సమాచారం బయటికి పొక్కితే, అది ఎంత చిన్నదైనా, ఎవరికీ హాని కలగకపోయినా బోర్డుకూ ఆ మనుషులకూ చెప్పి తీరాలి. చిన్నా పెద్దా తేడా పెట్టలేదు. ఇది సరిచేయాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి సర్వరు నుంచి ఖాతాదారుల జాబితా పోయినా, బాధ్యత కొట్టు యజమానిదే. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో యజమానికి తెలిసే దారి లేదు. ఎంత డేటా, ఎలాంటి డేటా అన్నది చూసి కొన్ని తరగతుల వ్యాపారాలకు కొన్ని బాధ్యతలు తగ్గించే అధికారం 17వ సెక్షన్‌లో కేంద్రానికి ఉంది. దాన్ని చిన్న కొట్లకు ఎప్పుడు, ఎలా వాడతారో స్పష్టంగా చెప్పమని అడగొచ్చు. ఇవి న్యాయమైన కోరికలు. నేనూ సంతకం పెడతాను. కానీ సదస్సులో వినిపించింది ఇది కాదు. మమ్మల్ని మొత్తానికే వదిలేయండి అన్నారు. జాగ్రత్తగా ఉంచే బాధ్యత నుంచి, అడిగి తీసుకునే బాధ్యత నుంచి కూడా. చిన్న కొట్టయినంత మాత్రాన తప్పుడు తక్కెడ పెట్టుకోనిస్తామా? తూనికలు కొలతల శాఖ ముద్ర లేని రాయి చిన్న కొట్లోనూ చెల్లదు. వీశెలూ సేర్లూ పోయి 1958 నుంచి దశలవారీగా కిలోలు వచ్చినప్పుడు ప్రతి వ్యాపారీ రాళ్లు మార్చుకున్నాడు. కొనేవాడికి తూకం సరిగ్గా పడాలన్నది బేరానికి మూలం గనక మార్చుకున్నాడు. ఇచ్చిన వివరం ఇచ్చిన పనికే వాడతారన్న నమ్మకం కూడా అలాంటిదే.

ఇక ఇది పరాయి భావం అనే వాదన. ఇది వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. గుట్టుగా బతకడం అనే మాట మన ఇళ్లలో ఎంత బరువైనదో తెలుగువాళ్లకు చెప్పాలా? ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెత ఏ యూరప్ నుంచి వచ్చింది? అప్పు, జబ్బు, కూతురి సంబంధం, కొడుకు మార్కులు, ఈ నాలుగూ ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో ప్రతి అమ్మకూ తెలుసు. మనకు లేనిది ఆ భావం కాదు, దాన్ని చట్టంలో పెట్టుకోవడం. దానికీ దేశీయ చరిత్రే ఉంది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద వేసిన కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు కానే కాదని కేంద్ర ప్రభుత్వం వాదించింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు, ఆయన విడిగా తీర్పు కూడా రాశారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు గానీ చట్టం రాలేదు. మధ్యలో డేటా పరిరక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది, 2019లో ఒక బిల్లు వచ్చింది, సంయుక్త పార్లమెంటరీ సంఘం దాన్ని పరిశీలించింది, 2022లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. చట్టమయ్యాక నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పుడు మరో 18 నెలలు ఇచ్చారు, అంటే 2027 మే. హడావుడిగా నెత్తిన పెట్టారనే మాట ఎలా వస్తుంది?

అన్నీ ఎప్పుడో బయటికి పోయాయి కదా అనేవాళ్లకు నేను పేరు చెప్పకుండా ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క కూతురు పదో తరగతి చదువుతున్న ఏడాది, ఇంకా అర్ధ సంవత్సర పరీక్షలు కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. ఏదో జూనియర్ కాలేజీ పీఆర్వోనంటాడు. పాప పేరు తెలుసు, బడి తెలుసు, వాళ్ల నాన్న చేసే ఉద్యోగం తెలుసు, తొమ్మిదో తరగతిలో లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో తెలుసు. "లెక్కల్లో కొంచెం వెనకబడింది కదమ్మా, మా దగ్గర వేయండి" అన్నాడట. ఆ మాట పిల్ల వింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తన మార్కులు తెలియని మనిషి లేడని, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని ఏడ్చింది. మా అక్క బడికి వెళ్లి అడిగితే, మేమేం ఇవ్వలేదండీ అన్నారు. ఇంకెవరిచ్చారు? ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చి తీరాల్సినవాళ్లు ఎవరూ లేరు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, ఏ ఊళ్లో పదో తరగతి పిల్లలున్న తల్లిని అడిగినా ఇలాంటి ఫోను సంగతే చెబుతుంది.

2023లో సైబరాబాద్ పోలీసులు రెండు కేసులు పట్టుకున్నారు. మార్చిలో ఒక ముఠా దగ్గర 16.8 కోట్లమంది వివరాలు దొరికాయన్నారు. వారం పది రోజులకే ఏప్రిల్ మొదట్లో ఒకడి దగ్గర 66.9 కోట్లమంది, సంస్థల వివరాలు దొరికాయన్నారు. అమ్మకానికి పెట్టిన ఆ జాబితాల్లో రక్షణ ఉద్యోగులు, పాన్ కార్డుదారులు, విద్యుత్ వినియోగదారులతోపాటు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లల జాబితా, నీట్ రాసే పిల్లల జాబితా విడిగా ఉన్నాయి. అంత పెద్ద రాశి ఒక్క చోట నుంచి పోగుపడదు. కౌంటరు దగ్గర ఇచ్చిన ఫోను నంబరు, కోచింగ్ సెంటర్లో నింపిన ఫారం, లక్కీ డ్రా చీటీ, మెసేజ్‌లు పంపే ఏజెన్సీకి అప్పజెప్పిన ఎక్సెల్ షీటు, ఇవన్నీ వాగులు. అన్నీ కలిసి ఆ ఏరయ్యాయి. మా దగ్గర కొన్ని వందల నంబర్లే కదా అనే ప్రతి వ్యాపారీ ఒక వాగు ఒడ్డున నిలబడ్డాడు. పైగా పోయింది పోయింది అని వదిలేసే సరుకు కాదిది. పిల్లలు ప్రతి ఏడాదీ కొత్తగా పదో తరగతికి వస్తారు. ప్రతి ఏడాదీ కొత్త జాబితా తయారవుతుంది, కొత్తగా అమ్ముడవుతుంది.

గట్టి నియమం వస్తే వ్యాపారం పోతుందన్న మాట ఇంతకు ముందూ విన్నాం. 2020 చివర్లో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు అప్పు ఇచ్చేటప్పుడే ఫోన్లోని నంబర్లన్నీ లాగేసుకునేవి. వాయిదా ఒక్కరోజు తప్పితే చుట్టాలకు, తోటి ఉద్యోగులకు, పెళ్లి కుదిరిన ఇంటికి కూడా ఫోన్లు వెళ్లేవి. మా నాన్న మూసే పేజీని వాళ్లు నడివీధిలో తెరిచి పెట్టారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది: అప్పిచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలను ముట్టుకోకూడదు. ఫోన్లో అప్పులిచ్చే వ్యాపారం అంతటితో ఆగిపోయిందా? ఆగలేదు. సక్రమంగా అప్పిచ్చేవాళ్లు ఆ జాబితా లేకుండానే ఇస్తున్నారు, వసూలు చేసుకుంటున్నారు. బెదిరింపు మీద బతికేవాడికే అది కావాలి. కొత్త చట్టంలోనూ సరిగ్గా ఇలాంటి ఉదాహరణే పెట్టారు. ఫోన్లో డాక్టరుతో మాట్లాడించే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగితే, వినియోగదారు సరేనని నొక్కినా ఆ అంగీకారం చెల్లదు, ఎందుకంటే వైద్యం చెప్పడానికి ఆ జాబితాతో పనిలేదు.

ఈ చట్టం నాకు పూర్తిగా నచ్చిందని ఎవరూ అనుకోవద్దు. నచ్చని సంగతులు నన్ను నిద్రపోనివ్వవు. కేంద్రం ప్రకటించిన తన సంస్థలకు ఈ చట్టం వర్తించకుండా చేసుకునే వీలు 17వ సెక్షన్‌లో ఉంది. తీర్పు చెప్పాల్సిన బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే. జరిమానా డబ్బు దేశ సంచిత నిధికి పోతుంది, గుట్టు పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. ఇంతకుముందు పరిహారం అడిగే దారి చూపిన 43ఏ సెక్షన్ను ఈ చట్టమే తీసేస్తోంది. తప్పుడు ఫిర్యాదు చేశాడని తేలితే మామూలు పౌరుడి మీదా 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అన్నిటికన్నా దారుణం, సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ను మార్చేయడం. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అధికారి జవాబు ఎగ్గొట్టే వీలిచ్చారు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) మిగిలింది, కానీ దాన్ని పట్టుకుని పోరాడాల్సింది దరఖాస్తుదారే. పౌరుడి గుట్టు కాపాడే భాగానికి 18 నెలల గడువిచ్చిన ప్రభుత్వం, అధికారి గుట్టు కాపాడే ఈ సవరణను మాత్రం 2025 నవంబరులోనే అమల్లో పెట్టింది. ఇదీ అసలు అన్యాయం.

వ్యాపార సంఘాలు ఈ మాటల్లో ఒక్కటైనా ఎత్తాయా? పన్నుల కోసం, లైసెన్సుల కోసం, నానా శాఖలకు తమ వివరాలు సమర్పించుకునేది వ్యాపారులే. ఆ శాఖల నుంచి అవి బయటికి పోతే ఎవరిని అడగాలి అని వాళ్లే ముందుగా అడగాలి. కొలువులో ఉన్నవాడిని అడగడానికి జంకి, కౌంటరు ఇవతల నిలబడ్డ ఖాతాదారు హక్కును తగ్గించమంటున్నారు. మా గల్లాపెట్టె దగ్గర పెరిగినవాడిగా ఇది నాకు వర్తకధర్మంలా కనిపించడం లేదు.

బిల్లు వేసేటప్పుడు ఫోను నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. అది అన్యాయమైన వ్యాపార పద్ధతి అంది. ఈ వారం ఏ పెద్ద దుకాణానికైనా వెళ్లి చూడండి. కౌంటరులో అమ్మాయి తల ఎత్తకుండా "నంబర్ చెప్పండి సార్" అంటుంది. ఇవ్వను అంటే కంప్యూటరు ముందుకు పోదంటుంది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆమెకు అలా నేర్పారు. సలహా ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో ఇదే సాక్ష్యం. చిన్నవాళ్ల భయాన్ని ముందు పెట్టి వాయిదా అడిగితే, ఆ వాయిదా ఇలాంటి కౌంటర్లన్నిటికీ దొరుకుతుంది.

2027 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసే పిల్లల జాబితాలు ఈ చట్టానికి చిక్కవు. అప్పటికి అసలు సెక్షన్లు అమల్లో ఉండవు. ఆ ఏడాది కూడా ఫోన్లు వస్తాయి, ఎవరో ఒక పిల్ల తన మార్కులు పరాయి మనిషి నోట వింటుంది. మా అక్క చిన్నకొడుకు 2028లో రాస్తాడు. 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలని 9వ సెక్షన్ చెబుతుంది. ఇచ్చిన వివరాలు ఎవరెవరికి అందించారో చెప్పమని అడిగే హక్కు 11వ సెక్షన్ ఇస్తుంది. ఇప్పుడున్న గడువు అలాగే నిలబడితే, మా అక్క ఈసారి బడికి వెళ్లి అదే ప్రశ్న అడిగినప్పుడు, మేమేం ఇవ్వలేదండీ అని ఒక్క మాటతో పంపేయడం కుదరదు. జవాబిచ్చి తీరాలి, అబద్ధమైతే బోర్డు ముందు నిలబడాలి. వాయిదా వేయమనేవాళ్లు, ఎన్ని ఏళ్లు వేయమంటారో, ఆ ఏళ్లలో పదో తరగతికి వచ్చే పిల్లల తల్లుల ఎదుట నిలబడి చెప్పాలి.